రెండో మనిషి లేని చోట

మాడుగుల దాటాక బస్సులో మాటలు తగ్గాయి. చోడవరం నుంచీ చెరకు బకాయిల గురించి గొంతులు పెంచి వాదించుకుంటున్న ఇద్దరూ ఘాట్ మొదలయ్యేసరికి ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నారు. ఒళ్లో హల్వా డబ్బా పెట్టుకున్నావిడ దాన్ని సంచిలోకి దించేసింది. సెప్టెంబరు నెల. లోయ నిండా మబ్బు, రోడ్డంతా బురద, మలుపు మలుపుకీ హారన్. అమ్మవారి పాదాల దగ్గర డ్రైవరు ఒక చెయ్యి స్టీరింగు మీంచి తీసి దండం పెట్టుకున్నాడు.

నా పక్కన మా బాబాయి. మలేరియా విభాగంలో హెల్త్ సూపర్‌వైజరుగా సర్వీసులో ఎక్కువ భాగం ఏజెన్సీలోనే చేసి రిటైరైన మనిషి. ఎదురుగా పొగ కక్కుతూ దిగుతున్న లారీని చూపించి అన్నాడు: "ఉన్నట్టుండి బ్రేకు పోయి పడిన బళ్లు తక్కువరా. బ్రేకు సరిగ్గా పట్టట్లేదని క్లీనరుకు తెలిసీ, డ్రైవరు తిడతాడని నోరెత్తక పడినవే ఎక్కువ. మా ఆస్పత్రుల్లోనూ ఇదే వరస."

ఏటా వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో డోలీ ఫొటో తప్పదు. కర్రకు కట్టిన దుప్పట్లో నిండు గర్భిణి, ముందొకరు వెనకొకరు, మోకాల్లోతు వాగు. ఆ ఫొటో చూసి రోడ్డు లేదని తిట్టుకుంటాం, అందులో తప్పు లేదు. కానీ ఫొటో అక్కడితో ఆగిపోతుంది. డోలీ దిగాక ఆవిడకు ఏ మందు పడింది, ఎంత పడింది, ఆ సంగతి తర్వాతి ఆస్పత్రికి చేరిందా, ఏదైనా పొరపాటు జరగబోతుంటే పక్కనున్నవాళ్లు ఆపగలిగారా? ఇవి చూద్దామనే బాబాయిని బతిమాలి బయల్దేరదీశాను.

వైద్యం అందకపోవడం ఒక ప్రమాదం, అందిన వైద్యమే హాని చెయ్యడం ఇంకొకటి. ఈ రెండోదాని గురించి ప్రపంచం గట్టిగా మాట్లాడుకోవడం 1999లో మొదలైంది. అమెరికా ఆస్పత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల చనిపోతున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఆ ఏడాది ఒక నివేదికలో అంచనా కట్టింది. తప్పులు చేసేది చెడ్డ డాక్టర్లు కాదు, మంచివాళ్ల చేత కూడా తప్పు చేయించే పద్ధతులే అని ఆ నివేదిక సారాంశం. 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినం జరుపుతోంది. మన దేశమూ 2018లో జాతీయ స్థాయిలో ఒక ప్రణాళిక వేసుకుంది. అయితే ఈ చర్చలో చాలా భాగం పెద్దాస్పత్రుల మీదే నడిచింది. డాక్టరు రాసింది ఫార్మసిస్టు చూస్తాడు, ఫార్మసిస్టు ఇచ్చింది నర్సు చూస్తుంది. అక్కడ ఒకరి తప్పు ఇంకొకరి కంట పడడానికి వీలుంది. కొండమీద ఆ ఇంకొకరే ఉండరు.

పాడేరులో దిగేసరికి మధ్యాహ్నమైంది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక ఈ ఊరి రూపు మారింది. కలెక్టరేటు వచ్చింది, 2024లో మెడికల్ కాలేజీ మొదలైంది, రాజమహేంద్రవరం నుంచి విజయనగరం దాకా కొండల మీదుగా వేస్తున్న 516ఈ జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతోంది. వంజంగి మబ్బులు చూడ్డానికి వచ్చే కుర్రకారు బైకులు మోదకొండమ్మ గుడి దాకా బారులు తీరి ఉన్నాయి. మేము వాళ్లకు ఎదురు దిక్కులో, ఒడిశా సరిహద్దు వైపు పోయే జీపెక్కాం. హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు మండలాలన్నీ సిల్వరోకు చెట్ల కింద కాఫీ, చెట్లకు పాకిన మిరియం తీగ, పల్లంలో వరి, వాలు మీద చోడి, సామ. మేము ఆగిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏ ఊళ్లో ఉందో రాయను. రాస్తే అక్కడి సిస్టరుకు మెమో రావచ్చు. ఈ వ్యాసం అసలు చెప్పదలచుకున్నది ఆ మెమో గురించే.

మర్నాడు బుధవారం. రాష్ట్రంలో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఏడున్నరకే ఏఎన్ఎంలు కోల్డ్ చైన్ గదిలో ఉన్నారు. గదిలో రెండు పెట్టెలు. ఒకటి టీకాలు ఉంచే ఐఎల్ఆర్, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రెండోది ఐస్‌ప్యాకులు గడ్డకట్టించే డీప్ ఫ్రీజర్. గోడకు వేలాడుతున్న పుస్తకంలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉష్ణోగ్రత రాసి సంతకం చెయ్యాలి. నేను పేజీలు తిప్పాను. వరసగా నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు. మధ్యలో ఒక సాయంత్రం పదకొండు అని ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో "కరెంటు లేదు, మూత తెరవలేదు, సార్‌కి ఫోన్ చేశాం" అని రాసి ఉంది. బాబాయి ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇది నిజం పుస్తకం," అన్నాడు. ఏడాది పొడవునా నాలుగే కనిపించే పుస్తకాన్ని నమ్మకూడదట. ఈ కొండల్లో గాలివానకు రెండు రోజులు కరెంటు పోవడం మామూలు. పదకొండు అని రాయడానికి గుండె ధైర్యం కావాలి, అది చూసి తిట్టని పై అధికారీ కావాలి.

ఒక ఏఎన్ఎం ఫ్రీజరులోంచి ఐస్‌ప్యాకులు తీసి బల్ల మీద ఎడమెడంగా పరిచింది. బయట ఆటో హారన్ కొడుతోంది. ఆమె వెళ్లాల్సిన ఊరికి ఆటో దిగాక మళ్లీ నడక ఉంది. అయినా కూర్చుంది. ప్యాకుల మీద తెల్లటి మంచు పొర కరిగి చెమట పట్టినట్టు నీటి బొట్లు వచ్చాయి. ఒక ప్యాకు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తల అడ్డంగా తిప్పి మళ్లీ బల్ల మీద పెట్టేసింది. కాసేపాగి మళ్లీ ఊపింది. ఈసారి లోపల నీళ్లు కదిలిన చప్పుడు నాకూ వినిపించింది. అప్పుడు గానీ దాన్ని వ్యాక్సిన్ క్యారియరులో పెట్టలేదు.

"అంత ఇదేంటమ్మా, చల్లగా ఉంటే మంచిదే కదా?" అన్నాను.

"అందరూ అలాగే అనుకుంటారండి. రాయిలాగున్న ఐసు మధ్యన పెడితే పెంటా గడ్డకట్టీద్ది. గడ్డకట్టి కరిగితే చూడ్డానికి అలాగే ఉంటది, పని మాత్రం చెయ్యదు. పిల్లకి సూది పడిందనే అనుకుంటాం."

ఎండ తగిలితే టీకా పాడవుతుందని అందరికీ తెలుసు. అది పట్టుకోవడానికి సీసా మీద ఒక గుర్తు కూడా ఉంది. గుండ్రటి వలయం మధ్యలో లేత రంగు చతురస్రం. వేడి సోకేకొద్దీ చతురస్రం ముదురుతుంది, వలయం రంగుతో సమానమైతే ఆ సీసా పారెయ్యాలి. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పగలిగే గుర్తు. కానీ అది వేడిని చూపిస్తుందే తప్ప గడ్డకట్టిన సంగతి చెప్పదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ లాంటివి గడ్డకడితే చెడిపోతాయి. అక్కడ కాపాడేది ఆ ఏఎన్ఎం చెవే. హారన్ మోగుతున్నా కదలకుండా ఆమె కూర్చున్న ఆ కాసేపు ఏ రిపోర్టులోనూ కనపడదు.

ఇంకో చిక్కు కూడా ఆమే చెప్పింది. తట్టు-రుబెల్లా టీకా పొడిగా వస్తుంది, దాంతో వచ్చిన ద్రావకాన్నే కలపాలి. కలిపిన టైము సీసా మీద రాయాలి. 4 గంటలు దాటితే ఎంత మిగిలినా పారెయ్యాలి, లేకపోతే అందులో క్రిములు పెరిగి బిడ్డ ప్రాణం మీదకు వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి కలిపితే ఒంటిగంట దాకానే. కానీ పోడుకు వెళ్లిన తల్లి బిడ్డనెత్తుకుని దిగేది రెండింటికి. ఒక్క బిడ్డ కోసం కొత్త సీసా తెరవొచ్చు, తెరవాలి కూడా, రూలు అదే. తెరిస్తే నెలాఖరు మీటింగులో వేస్టేజీ ఎందుకు పెరిగిందని అడుగుతారు. తెరవకపోతే బిడ్డ వెనక్కి పోతుంది. పాత సీసాలో మిగిలిందే వేసేస్తే ఎవరూ అడగరు. ఈ మూడింట్లో ఏది చేసినామెకు మాట పడుతుందో చూడండి. రూలు పాటించినామెకే.

పేషెంట్ సేఫ్టీ అంటే గోడ మీద బ్యానరు అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. సరైన పని చేసినవాళ్లకు మాట పడి, తప్పు దాచినవాళ్లకు పడకపోతే, ఏడాది తిరక్కముందే అందరూ దాచడం నేర్చుకుంటారు.

లేబరు గది వెనక వైపు ఉంది. శుభ్రంగా ఉంది. కాన్పు గదుల్లో ఏడు ట్రేలు వరసగా సర్ది ఉంచడం అలవాటు చేశారు. కాన్పు ట్రే, బిడ్డ ట్రే, మందుల ట్రే, అత్యవసర మందుల ట్రే, ఇలా. డ్యూటీ మారేటప్పుడు దిగే సిస్టరు, ఎక్కే సిస్టరు ఇద్దరూ కలిసి ట్రేలు చూసి సంతకం పెట్టాలి. ఆక్సిటోసిన్ మాత్రం ట్రేలో ఉండకూడదు, ఫ్రిజ్‌లో ఉండాలి. బల్ల మీద నెలల తరబడి పడున్న ఆక్సిటోసిన్ ఎక్కించి, రక్తస్రావం ఆగలేదేమని కంగారు పడితే లాభం లేదు.

రాత్రి డ్యూటీలో ఒక్క స్టాఫ్ నర్సు, ఒక ఆయా. డాక్టరు క్వార్టర్సులో ఉంటే ఉన్నట్టు, మీటింగుకో పోస్టుమార్టానికో వెళితే లేనట్టు. సిస్టరుకు ముప్ఫై లోపే ఉంటాయి, సొంతూరు శ్రీకాకుళం వైపు. ఆ వానాకాలంలోనే జరిగిన ఒక సంగతి చెప్పింది. అర్ధరాత్రి దాటాక డోలీలో ఒక గర్భిణిని తెచ్చారు. ఎనిమిదో నెల, ఒళ్లంతా వాపు, బీపీ బాగా ఎక్కువ, దారిలోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయి. గుర్రపువాతం. పెద్దాస్పత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇక్కడే పడాలి. మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిర్రకు 5 గ్రాములు. ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది 1 గ్రామే. అంటే పది ఆంప్యూళ్లు విరగ్గొట్టాలి. తక్కువైతే మళ్లీ ఫిట్స్. ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది.

"నాకు చేతులు వణికాయండి. ఎన్ని విరగ్గొట్టానో మధ్యలో లెక్క తప్పింది. అప్పుడు మా ఆయా, సిస్టరుగారూ ఆగండి, ఎనిమిదే అయ్యాయి, అంది."

ఆయాకు సంతకం చెయ్యడం మాత్రం వచ్చు. కానీ విరిచిన ప్రతి ఆంప్యూలూ కిడ్నీ ట్రేలో వరసగా నిలబెట్టాలని, పక్కనున్నవాళ్లెవరైనా సరే పైకి లెక్కపెట్టాలని ఆ కేంద్రంలో అంతకుముందున్న మెడికల్ ఆఫీసరు ఒక అలవాటు చేసిపోయిందట. డాక్టరు సూది వేస్తున్నా సరే, లెక్క తేడా వస్తే ఆయా ఆగండి అనొచ్చు. అన్నందుకు ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు. ఆ అలవాటుకు సర్క్యులరు లేదు, బడ్జెటూ లేదు. ఆ రాత్రి రెండో మనిషి దొరికింది దానివల్లే.

మందు పడ్డాక సిస్టరు ఇంకో పని చేసింది. రిఫరల్ చీటీ రాయడమే కాక, తెల్లటి ప్లాస్టరు ముక్క చించి దాని మీద మందు పేరు, 10 గ్రాములు, ఇచ్చిన టైము రాసి పేషెంటు ముంజేతికి అంటించింది. చీటీ వానకు తడుస్తుంది, లేదా పేషెంటు తమ్ముడి జేబులో ఉండిపోతుంది. అతను 108లో చోటులేక వెనక జీపులో వస్తాడు. పాడేరు నుంచి మళ్లీ విశాఖ కేజీహెచ్‌కు పంపితే చేతులు ఇంకోసారి మారతాయి. అప్పటికే డోసు పడిందని తెలియని చోట ఇంకోసారి మొదటి డోసు వేస్తే ఆమె గతేమిటి? అందుకని చెయ్యి మీదే రాత. తల్లీ బిడ్డా బతికారు. ఆ ప్లాస్టరు పద్ధతిని తర్వాత 108 ఈఎంటీలు కూడా పాటిస్తున్నారని సిస్టరు చెప్పింది.

గదిలో గోడకు సురక్షిత కాన్పు చెక్‌లిస్టు అంటించి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది, మొత్తం 29 అంశాలు. చేర్చుకునేటప్పుడు, తల్లి ముక్కడం మొదలుపెట్టే ముందు, పుట్టిన గంటలోపు, ఇంటికి పంపేటప్పుడు, ఇలా నాలుగు చోట్ల ఆగి చూసుకోవాలి. దీని కథ చెప్పుకోదగ్గది. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో, లక్షన్నరకు పైగా కాన్పుల మీద దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. చెక్‌లిస్టు ఇచ్చి, పక్కనుండి నేర్పించిన చోట చేతులు కడుక్కోవడం, సమయానికి మందులివ్వడం లాంటి పద్ధతులు మెరుగుపడ్డాయి. కానీ తల్లీబిడ్డల మరణాల్లో తేడా కనిపించలేదు. నేర్పేవాళ్లు వెళ్లిపోయాక ఆ మెరుగులోనూ కొంత తరిగిపోయింది. కాగితం పనికిరాదని దీనర్థం కాదు. రక్తం లేని చోట, ఆపరేషను చేసేవాళ్లు గంటల దూరంలో ఉన్న చోట, పైవాళ్లతో మాట్లాడే చనువు లేని చోట కాగితం ఒక్కటే ఏం చెయ్యగలదు?

ల్యాబులో బాబాయి ఒక గాజు గొట్టం చేతికి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. వానాకాలం పాముకాట్ల కాలం కూడా. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. దాన్ని కనిపెట్టే పరీక్ష చాలా సులువు. కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు మొదలుపెట్టాలి. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. కానీ గొట్టం గాజుదే అయ్యుండాలి, శుభ్రంగా, పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ గొట్టమైతే, సబ్బుపొడితో కడిగిన గాజైతే మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. విషం లేని మనిషికి విరుగుడు ఎక్కిస్తే అదొక ప్రమాదం, ఆ మందుకు ఒళ్లు తిరగబడి ప్రాణాపాయం రావచ్చు. బాబాయి సర్వీసులో ఉన్న రోజుల్లో ఒకచోట ఇదే జరిగింది. శుభ్రత కోసమని ఒక కొత్త కుర్రాడు గొట్టాలన్నీ సర్ఫుతో తళతళలాడేలా కడిగిపెట్టాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు, చేసిందీ చెప్పాడు. చెప్పినందుకు అతనికి మెమో వచ్చింది. ఆ తర్వాత ఆ ల్యాబులో ఎవరూ ఏదీ చెప్పలేదు.

మూడోనాడు ఉదయం ఏఎన్ఎం వెంట కొండెక్కాం. రోడ్డు చివర ఫీడరు అంబులెన్సు, అంటే బైకుకు పక్కన తొట్టి తగిలించిన బండి, ఒక రేకుల షెడ్డు కింద ఉంది. అక్కడి నుంచి కాలిబాట. వాగు మీద రెండు దుంగలు. ఫోను సిగ్నలు ఒక బండ మీదే వస్తుందని ఆ బండకు టవర్ రాయి అని పేరు పెట్టుకున్నారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైనప్పటి నుంచీ ఆపదలో ఫోన్ చెయ్యడం ఊరందరికీ తెలుసు. ఆ ఫోన్ కోసం ఈ బండ దాకా రావాలి.

ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీదే వైద్యం. జ్వరంతో ఉన్న పన్నెండేళ్ల పిల్లాడి వేలు గుచ్చి మలేరియా కిట్టు మీద చుక్క వేసింది. టైము చూసుకోవడానికి ఫోను తీసి ముందు పెట్టుకుంది. పదిహేను నిమిషాలు దాటాక గీత చూసి, పీఎఫ్ అంది. మెదడుకెక్కే రకం. పెట్టెలోంచి ఎర్ర అట్ట తీసింది. మలేరియా మందుల అట్టలకు వయసును బట్టి రంగులున్నాయి. ఏడాది లోపు పిల్లలకు గులాబీ, ఒకటి నుంచి నాలుగేళ్లకు పసుపు, ఐదు నుంచి ఎనిమిదికి ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగుకు ఎరుపు, పెద్దలకు తెలుపు. బరువు తూచి, మిల్లీగ్రాములు భాగించి, మాత్ర విరిచే అవస్థ లేదు. తప్పు పోవడానికి దారే లేకుండా ముందే కట్టేశారు. ఎక్కడో కూర్చుని ఈ రంగులు ఆలోచించినవాళ్లెవరో గానీ, ఈ అరుగు మీద రెండో మనిషి పని వాళ్లే చేస్తున్నారు.

పక్కింటి ఆవిడ భర్తకు వారం కిందట వైవాక్స్ మలేరియా తేలింది. అతనికి ప్రైమాక్విన్ 14 రోజులు వెయ్యాలి, లేకపోతే కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. ఎర్ర రక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకు ఇదే మందు రక్తకణాలను పగలగొడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఈ లోపమూ ఎక్కువ. పరీక్ష ప్రతి ఊళ్లోనూ దొరకదు. మరి ఎలా? ఆశా ఆవిడను పిలిచి వాళ్ల ఆదివాసీ ఒడియాలో ఏదో అడిగింది. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది.

"ఏం అడిగావమ్మా?" అన్నాడు బాబాయి.

"ఉచ్చ ఏ రంగులో పోతంది అనడిగినాను సార్. నల్లగా, టీ డికాషను లాగ పోతే ఆ పూటే మాత్ర ఆపీమని మొదటి రోజే సెప్పినాను. రోజూ వొచ్చి అడుగుతాను. సిగ్గుపడి ఆయన సెప్పడు, ఈవిడ సెప్తాది."

పధ్నాలుగు రోజులూ పొద్దున్నే వచ్చి ఒకే ప్రశ్న అడగడం. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఆ మాత్ర ఇవ్వకూడదన్నదీ ఆమెకు కంఠతా ఉంది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. మందు పెట్టె మూత లోపల తన చేత్తో రాసి అంటించుకున్న కాగితంలో మూడే గీతలు: ఎవరికి ఇవ్వకూడదు, ఏం కనబడితే ఆపాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. చివరి గీతలో పాత సూపర్‌వైజరు నంబరు కొట్టేసి కొత్తది రాసి ఉంది.

దిగేటప్పుడు గర్భిణుల వసతి గృహాల సంగతి వచ్చింది. మన్యం జిల్లా సాలూరులో యువతకు శిక్షణ కోసం కట్టిన భవనాన్ని గర్భిణులకు వసతిగా మార్చి, నెలలు నిండకముందే కొండమీది ఊళ్ల నుంచి దించి ఉంచడం కొన్నేళ్ల కిందటే మొదలైంది. ఆలోచన మంచిది. నొప్పులొచ్చాక డోలీ కట్టడం కన్నా నొప్పులకు ముందే దిగడం ఎంతో మేలు. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, కోతకొచ్చిన సామ, మేపాల్సిన మేకలు ఉన్నావిడ అక్కడ వారాలు కూర్చోలేదు. పిల్లల్ని వెంట తెచ్చుకోనిచ్చి, వాళ్లకూ అన్నం పెట్టిన చోట ఉంటున్నారు. లేనిచోట చెప్పాపెట్టకుండా వెళ్లిపోతున్నారు. వెళ్లిపోయినావిడ మీద, పారిపోయింది అని రిజిస్టరులో రాయడం నేను చూశాను. ఎందుకు వెళ్లిందని అడిగే గడి ఆ రిజిస్టరులో లేదు.

చివరి సాయంత్రం పాడేరులో కొందరు ఆరోగ్య సిబ్బందితో టీ తాగుతూ అడిగాను: తప్పు జరిగితే ఏం చేస్తారు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. తల్లి మరణం జరిగితే సమీక్ష ఉంటుంది. కేంద్రం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ సమీక్ష ఎవరినీ నిందించడానికి కాదని, పేర్లు గుప్తంగా ఉంచాలని స్పష్టంగా ఉంది. ఆచరణలో ముందు అడిగేది డ్యూటీలో ఎవరున్నారని. రెండోది, పత్రికలో వచ్చిందా అని. వస్తే సాయంత్రానికి సస్పెన్షను. సస్పెండయ్యేది ఎప్పుడూ చివరి మెట్టు మనిషే. ఖాళీ పోస్టు సస్పెండవదు, లేని రోడ్డు సస్పెండవదు, నెల రోజులుగా రిపేరుకు నోచుకోని ఫ్రిజ్ సస్పెండవదు. వార్త రాసేవాళ్లం కూడా బాధ్యులపై చర్యలు అన్న శీర్షిక దొరికితే సంతృప్తిపడి ఊరుకుంటాం. దాని ఫలితం పక్క మండలంలో కనిపిస్తుంది. అక్కడి సిస్టరు కష్టమైన కేసు వస్తే చేతులు వెయ్యకుండానే రిఫర్ చేసేస్తుంది. పదకొండు అని రాయాల్సిన చోట నాలుగు అని రాస్తుంది.

కావాలని చేసిన నిర్లక్ష్యానికి శిక్ష వద్దని ఎవరూ అనరు. తాగి డ్యూటీకొచ్చినవాణ్ణి, డబ్బు కోసం పేషెంటును ప్రైవేటుకు తోలేవాణ్ణి ఉపేక్షించకూడదు. కానీ అర్ధరాత్రి ఒంటరిగా పది ఆంప్యూళ్లు విరుస్తూ లెక్క తప్పినామె ఆ కోవలోకి రాదు. ఆమె లెక్క తప్పింది అన్న సంగతి జిల్లాలో ప్రతి సిస్టరుకూ తెలియాలి, ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆ కేంద్రంలో ఆ అలవాటు పెట్టిన మెడికల్ ఆఫీసరు ఇప్పుడు పీజీకి వెళ్లిపోయింది. ఆమె తర్వాత వచ్చినవాళ్లు మానేస్తే అలవాటు ఆగిపోతుంది. కొండమీది భద్రత ఇలా ఒక్కో మనిషి మంచితనం మీద, ఆ మనిషి బదిలీ అయ్యేదాకా నడుస్తోంది.

చెయ్యాల్సినవి చాలావరకు పెద్ద ఖర్చు పనులు కావు. రాత్రి డ్యూటీకి ప్రతి కేంద్రంలో రెండో నర్సును వెయ్యాలి. చెయ్యి మీద ప్లాస్టరు రాత, పైకి లెక్కపెట్టడం లాంటివి జిల్లా అంతటికీ ఉత్తర్వుగా రావాలి. త్రుటిలో తప్పిన పొరపాట్లు పేరు లేకుండా రాసుకునే ఒక పుస్తకం పెట్టాలి, నెల మీటింగు దానితోనే మొదలవ్వాలి. ఒక్క బిడ్డ కోసం తెరిచిన సీసాను వేస్టేజీ లెక్కలోంచి తీసెయ్యాలి. వీటిలో కొన్ని పాడేరు కలెక్టరేటులో ఒక్క సంతకంతో అయ్యే పనులు. మనవైపు నుంచి చెయ్యాల్సింది ఒక్కటే. ఈసారి ఏజెన్సీలో ఒక మరణం వార్త చదివినప్పుడు, ఎవరిని సస్పెండ్ చేశారని కాకుండా, మళ్లీ జరక్కుండా ఏం మార్చారని అడగండి. ఆ జవాబు వచ్చేదాకా అడగడం మానకండి.